ఐదుతో భాగిస్తే వచ్చే ఎల్‌డీఎల్

ఏటా ఫిజికల్‌కి వెళ్ళి రక్తం ఇచ్చి వస్తాం. రిపోర్టులో ఎల్‌డీఎల్ అంకె తక్కువుంటే సంతోషిస్తాం, ఎక్కువుంటే నెయ్యి మానేస్తాం. కానీ చాలా లాబులు ఆ అంకెను కొలవవు, లెక్క కడతాయి. ప్రోగ్రాములు రాసి బతికే మనకి ఈ సంగతి తెలియాలని నా ఉద్దేశం.

మొత్తం కొలెస్టరాల్‌ని నిజంగానే కొలుస్తారు. ఎంజైముల సాయంతో దాన్ని ఆక్సీకరిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అది ఒక రంగుని పుట్టిస్తుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో కాంతితో చూస్తారు. హెచ్‌డీఎల్, ట్రైగ్లిసరైడులకూ దాదాపు ఇలాంటి పద్ధతులే. ఎల్‌డీఎల్‌ని విడదీసి కొలవాలంటే మాత్రం అల్ట్రాసెంట్రిఫ్యూజ్ కావాలి. అది ఖర్చుతో, గంటల తరబడి శ్రమతో కూడిన పని. అందుకే 1972లో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్‌సన్ 448 మంది రక్తాన్ని పరిశీలించి ఒక అడ్డదారి చెప్పారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిసరైడులలో ఐదో వంతునీ తీసేస్తే మిగిలింది ఎల్‌డీఎల్. ట్రైగ్లిసరైడులు 400 దాటితే ఈ లెక్క పనికిరాదని వాళ్ళే అన్నారు.

అసలు చిక్కు ఆ ఐదుతోనే. ఆ నిష్పత్తి అందరికీ ఒకటి కాదు. 2013లో జాన్స్ హాప్కిన్స్‌లో సేత్ మార్టిన్ బృందం 13 లక్షలకు పైగా నమూనాలు చూసి, ఒక్క ఐదుకి బదులు పెద్ద పట్టికే ఇచ్చింది. 2020లో ఎన్ఐహెచ్ శాస్త్రవేత్తలు మరో సూత్రం ప్రతిపాదించారు.

ఒక ఉదాహరణ చూడండి. మొత్తం 160, హెచ్‌డీఎల్ 35, ట్రైగ్లిసరైడులు 300 అనుకుందాం. పాత లెక్కలో ఎల్‌డీఎల్ 65. 2020 సూత్రంలో సుమారు 76. గుండెజబ్బు ఉన్నవాడికి 70 హద్దు అనుకుంటే, ఒక లెక్కలో మందు చాలు, మరో లెక్కలో చాలదు! రక్తం మాత్రం ఒక్కటే.

అందరికీ ఇంత తేడా రాదు. కానీ ట్రైగ్లిసరైడులు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అన్నది మన దక్షిణాసియా వాళ్ళలో తరచు కనిపించే తీరు. 2018 అమెరికన్ మార్గదర్శకాలు మన పుట్టుకనే ముప్పుని పెంచే అంశాల్లో చేర్చాయి. అంటే పాత సూత్రం తడబడే చోటే మనలో చాలామంది ఉన్నాం.

కోడ్‌లో ఎవరైనా ఇలా ఐదుని పాతేస్తే రివ్యూలో ఊరుకుంటామా? ఏ సూత్రం వాడారో ప్రతి లాబూ రిపోర్టులో స్పష్టంగా రాయాలి. రాయకపోతే అడగండి. ట్రైగ్లిసరైడులు 200 దాటితే అపోబి పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడండి. ఒక్కో ఎల్‌డీఎల్ రేణువులో ఒక్కటే అపోబి ఉంటుంది కనుక అది ఊహ కాదు, లెక్కింపు. మందులు మాత్రం సొంతంగా మార్చుకోకండి.