ఐటీ ‘ముందున్న మార్గం’ కాదు, మొదటి అడుగు

మెయిన్స్ జవాబుల్లో పాలన గురించి ఏ ప్రశ్న వచ్చినా చివర్లో మనం రాసే వాక్యం ఒకటుంది: “సాంకేతిక పరిజ్ఞానాన్ని సమర్థంగా వినియోగించుకోవాలి.” మిత్రులారా, ఈ వాక్యాన్ని ఇక వదిలేద్దాం. మార్కులు రావని కాదు. మన శాఖలు చేస్తున్న తప్పే అందులో ఉంది. విధానం ముందు తయారవుతుంది, ఐటీ తర్వాత వస్తుంది. లక్ష్యాలు, నిబంధనలు, గడువులు అన్నీ ఖరారయ్యాక, “ఇక పోర్టల్ చేయించండి” అంటారు.

జీఎస్టీనే చూడండి. దాని ఐటీ వ్యవస్థ కోసం జీఎస్టీఎన్ అనే సంస్థను 2013లోనే పెట్టారు. ఐటీకి ముందే చోటిచ్చినట్టే కదా అనిపిస్తుంది. కానీ కేంద్ర జీఎస్టీ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది 2017 ఏప్రిల్ 12న. పన్ను అమల్లోకి వచ్చింది జులై 1న. మధ్యలో ఉన్నది 80 రోజులు. ముసాయిదాలు అంతకుముందే ఉన్నా, తుది నిబంధనలు, రేట్లు చివరి వారాల దాకా ఖరారవుతూనే ఉన్నాయి. రిక్వైర్‌మెంట్స్ రోజూ మారుతుంటే సాఫ్ట్‌వేర్ ఏమవుతుందో ఇంజనీరింగ్ చదివిన వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఫలితం తెలిసిందే. అమ్మినవాడి బిల్లునూ కొన్నవాడి బిల్లునూ సరిపోల్చే జీఎస్టీఆర్-2, 3 రిటర్నులే ఈ పన్ను రూపకల్పనకు గుండెకాయ. 2017 నవంబరులో జీఎస్టీ కౌన్సిల్ వాటిని పక్కన పెట్టింది. తాత్కాలికమని తెచ్చిన 3బీ రిటర్ను స్థిరపడిపోయింది. 2018 ఫిబ్రవరి 1న మొదలైన ఈ-వే బిల్లు, పోర్టల్ మొరాయించడంతో మొదటిరోజే వాయిదా పడి ఏప్రిల్ 1న మళ్లీ మొదలైంది. తిప్పలు పడింది చిన్న వ్యాపారి. సంస్థ పెట్టడం వేరు, ప్రణాళికలో చోటివ్వడం వేరు.

రైల్వే రిజర్వేషన్లలో జరిగింది వేరు. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. 1986లో క్రిస్ ఏర్పడింది. పాత రిజిస్టర్లను తెరమీదికి ఎక్కించి ఊరుకోలేదు. ఫలానా రైలుకు ఫలానా కౌంటర్ అనే పద్ధతినే తీసేసి, ఏ కౌంటర్‌లోనైనా ఏ రైలుకైనా టికెట్ ఇచ్చారు. పని తీరు మారింది కాబట్టే కంప్యూటర్ ఉపయోగపడింది. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం ఈ-గవర్నెన్స్‌పై 2008లో ఇచ్చిన పదకొండో నివేదిక చెప్పిందీ ఇదే: ముందు ప్రక్రియను సంస్కరించాలి.

“ఐటీ వాళ్లను విధాన రూపకల్పనలో కూర్చోబెడితే పాలన టెక్నోక్రాట్ల చేతిలోకి పోదా?” అని కొందరు అడుగుతారు. నిజానికి వాళ్లను చివర్లో పిలిచినప్పుడే ఆ ప్రమాదం ఎక్కువ. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రాధాన్య కుటుంబాల్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యాన్ని హక్కుగా ఇచ్చింది. రేషన్ షాపులో ఈ-పోస్ యంత్రం ముందు, కూలి పనితో వేలిముద్రలు అరిగిపోయిన మనిషి నిలబడితే ఏం చేయాలి? ఇది యంత్రం తేల్చే సంగతి కాదు, ప్రణాళికలో తేల్చాల్సిన సంగతి. అక్కడ జవాబు రాసి ఉండకపోతే, చట్టం ఇచ్చిన హక్కును తెరమీద కనబడే ఎర్రర్ రద్దు చేస్తుంది. తిరిగి వెళ్లిన ఆ మనిషి అప్పీలు రాయలేడు. డీలర్‌కేమో “సిస్టమ్ తీసుకోవడం లేదు” అన్న సాకు ఉండనే ఉంది.

కాబట్టి జవాబులో ఐటీ అని రాసే ముందు నాలుగు ప్రశ్నలకు సమాధానం రాద్దాం. ఏ పని పద్ధతి మారుతుంది? డేటా ఎవరిది, దానికి బాధ్యులెవరు? వ్యవస్థ పనిచేయకపోతే పౌరుడికి ప్రత్యామ్నాయం ఏమిటి? నిబంధనలు ఖరారయ్యాక పరీక్షించడానికి ఎన్ని నెలలిచ్చారు? ఈ నాలుగూ లేని ప్రణాళిక కంప్యూటర్ల కొనుగోలు జాబితా మాత్రమే. రేపు మనలో కొందరు ఫైలుపై సంతకం చేసే స్థానంలో ఉంటాం. అడగడం అప్పుడు నేర్చుకుందామంటే కుదరదు.