పాత కంప్యూటరులో ఏది మార్చాలి?



ఆరేడేళ్ళ కిందట కొన్న కంప్యూటరు ఒకటి మీ ఇంట్లో ఉన్నదనుకోండి. అప్పట్లో దాని మీద ఆటలు చక్కగా నడిచేవి. ఇప్పుడు కొత్త ఆట పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతున్నది. "మంచి గ్రాఫిక్స్ కార్డు కొనిపెట్టు నాన్నా!" అని మీరు మారాం చేస్తారు. ధర విని నాన్నగారు గతుక్కుమంటారు. పోనీ, అంత డబ్బూ పోసి కొన్నాక ఆట బాగుపడకపోతే? అందుచేత కొనకముందే లోపం ఎక్కడున్నదో కనిపెట్టాలి. ఆ పని మీరే చెయ్యవచ్చు.

పెళ్ళి విందు మీరంతా చూసే ఉంటారు. దొడ్లో సరుకుల కొట్టు ఉంటుంది. కావలసిన సరుకులు తెచ్చి పొయ్యి పక్కన బల్ల మీద పెడతారు. వంటవాడు వండుతాడు. వడ్డించేవాళ్ళు ఆకు ఆకుకూ వడ్డించుకుంటూ పోతారు. కంప్యూటరులో కొట్టు అంటే డిస్కు, బల్ల అంటే ర్యామ్, వంటవాడు ప్రాసెసరు, వడ్డించేవాళ్ళ దండు గ్రాఫిక్స్ కార్డు. ఆటలో ఎవరు ఎక్కడున్నారు, తన్నిన బంతి ఎటు పోతుంది అనే లెక్కలు ప్రాసెసరు చేస్తుంది. తెర మీద చుక్క చుక్కకూ రంగు వేయటం కార్డు పని. 1920 చుక్కల వెడల్పూ, 1080 చుక్కల ఎత్తూ ఉన్న తెరలో మొత్తం 20,73,600 చుక్కలు. సెకనుకు 60 బొమ్మలు రావాలంటే, ఇన్ని ఆకుల వడ్డనా సెకనులో అరవయ్యో వంతులో ముగియాలి!

విందు ఆలస్యమైతే అందరినీ మార్చం కదా? ఎవరి దగ్గర ఆగుతున్నదో చూస్తాం. ఇక్కడా అంతే.

ముందు కానీ ఖర్చు లేని పని చెయ్యండి. పెట్టెలో దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు. వేడి హద్దు మీరితే ప్రాసెసరూ, కార్డూ తమంతట తామే వేగం తగ్గించుకుంటవి. ప్లగ్గు ఊడదీసి, పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని దుమ్ము దులపండి. పవర్ సప్లై అనే ఇనప పెట్టెను మటుకు ఎన్నడూ విప్పకండి సుమా! ప్లగ్గు తీసినా దానిలో కరెంటు నిలవ ఉండవచ్చు.

ఇక పరీక్షలు. ఆట తెరుచుకోవటానికే చాలాసేపు పట్టి, తెరుచుకున్నాక బాగా నడుస్తున్నదా? అయితే ఆలస్యం కొట్టు దగ్గర. పాత హార్డు డిస్కులో పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అయినా కావలసిన చోటు ముల్లు కిందికి రావటానికి సగటున అరచుట్టు, అంటే 4 మిల్లీసెకండ్లు పడుతుంది. ముల్లు జరగటానికి పట్టే కాలం వేరే. ఎస్ఎస్‌డిలో తిరిగేదేదీ లేదు గనక ఈ నిరీక్షణ ఉండదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే విండోసులో టాస్క్ మేనేజర్ వస్తుంది. ఆట నడుస్తుండగా ర్యామ్ నూటికి 95 వంతులు నిండి ఉంటే బల్ల చాలటం లేదన్నమాట. సగమే నిండితే ఇంకా పెద్ద బల్ల వేసి లాభం లేదు. ర్యామ్ కొనేటప్పుడు రకం చూసుకోండి. డిడిఆర్3, డిడిఆర్4, డిడిఆర్5 ముక్కలకు గాట్లు వేరువేరు చోట్ల ఉంటవి. ఒక దాని చోట మరొకటి పట్టదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆటలో వి-సింక్ అనే కట్టడిని ఆపి, ఒక చోట నిలబడి సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నవో రాసుకోండి. తరవాత తెర కొలతను 1280, 720కి తగ్గించి, అదే చోట మళ్ళీ చూడండి. ఇప్పుడు చుక్కలు 9,21,600 మాత్రమే. ఆకులు సగానికి పైగా తగ్గాయి. బొమ్మలు బాగా పెరిగితే, ఇంతకుముందు వడ్డించేవాళ్ళు చాలలేదన్నమాట. కార్డు మార్చవచ్చు. అంకె పెరగనే లేదా? అయితే వంటవాడే ఆలస్యం చేస్తున్నాడు. ఎంత గొప్ప కార్డు కొన్నా డబ్బు దండగ!

కార్డు కొనాలని తేలితే పవర్ సప్లై సంగతి చూడండి. కార్డు పెట్టే గాడి ఇచ్చేది 75 వాట్లే. ఆర్‌టిఎక్స్ 3060 వంటి కార్డుకు 170 వాట్లు కావాలి. మిగతాది పవర్ సప్లై నుంచి వేరే తీగ మీద రావాలి. ప్రాసెసరు మార్చాలని తేలితే, మీ బోర్డు దేన్ని ఒప్పుకుంటుందో కనుక్కోండి. ఏఎండి వారి ఏఎమ్4 బోర్డులు 2017లో వచ్చినవి కూడా చాలావరకు, బయోస్ మార్చితే, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి ప్రాసెసరును తీసుకుంటవి. కొన్ని బోర్డులకు ఆ అదృష్టం లేదు. అప్పుడు ప్రాసెసరుతో బాటు బోర్డూ, ఒక్కొక్కప్పుడు ర్యామూ మార్చాలి. ఖర్చు కొత్త యంత్రానికి దగ్గరపడుతుంది. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 బాగా పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. ఆ లెక్క కూడా చూసుకోవాలి.

ఇంకొక్క మాట. వడ్డించేవాళ్ళను పెంచితే, ఈసారి వంటవాడు వెనకబడతాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అన్నిటికన్నా నెమ్మదిగా ఉండనే ఉంటుంది. దాన్ని తరుముకుంటూ పోతే కొనటానికి అంతు ఉండదు. మీ తెర సెకనుకు 60 బొమ్మలే చూపగలదు, ఆట 60 బొమ్మలూ ఇస్తున్నది అంటే, ఇక చాలునన్నమాట.

ఈ సెలవుల్లో పరీక్షలు చేసి, అంకెలు కాగితం మీద రాసి అమ్మానాన్నలకు చూపండి. మారాం చేసేవాడి మాట కంటే లెక్క చూపేవాడి మాట ఇంట్లో ఎక్కువ చెల్లుతుంది. ఏదీ కొననక్కరలేదని తేలినా విచారించకండి. ఆ డబ్బు ఇంటికి మిగిల్చింది మీరే కదా!