ప్రింటర్ ధర సరే, ఫోటో ధర ఏది?

ఫ్రిజ్ కొనడానికి వెళితే తలుపు మీదే నక్షత్రాల లేబుల్ కనిపిస్తుంది. ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుందో దాని మీద రాసి ఉంటుంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇవాళ మా మిర్యాలగూడలో చదువు రాని వాళ్లు కూడా ‘ఎన్ని స్టార్లు?’ అని అడిగి మరీ కొంటున్నారు. అదే షాపులో ఫోటో ప్రింటర్ల అర దగ్గరికి వెళ్లి ఒక పెట్టెను అన్ని వైపులా తిప్పి చూడండి. వైఫై ఉందని, నిమిషానికి ఇన్ని పేజీలని, డీపీఐ ఇంతని అన్నీ ఉంటాయి. ఒక్క 4×6 ఫోటో తీస్తే మన చేతి నుంచి ఎంత పోతుందో మాత్రం ఉండదు. ఇంట్లోకి ప్రింటర్ కొనేవాళ్లకు అన్నిటికన్నా ముందు కావాల్సింది ఆ అంకే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. సైన్స్ ఫెయిర్ చార్టులు, పిల్లల పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఇంట్లో మా అత్తమ్మ ఆల్బమ్‌లు, వీటన్నిటి పుణ్యమా అని ఇంక్‌జెట్ ప్రింటర్లతో చాలాకాలంగా వేగుతున్నాను. మొదటిది మా తమ్ముడు కంప్యూటర్ కొన్నప్పుడు ఆఫర్‌లో వచ్చింది. మూడు నాలుగు వేలకు దొరికే రకం. అందులో రెండు కాట్రిడ్జ్‌లు: ఒకటి నలుపు, ఇంకొకటి మూడు రంగులూ ఒకే డబ్బాలో ఉండేది. మా పాప పుట్టినరోజుకు గులాబీ రంగు గౌను, గులాబీ రంగు బెలూన్లు. ఆ ఫోటోలు ప్రింట్ తీసేసరికి గులాబీకి కావాల్సిన మెజెంటా ఖాళీ. పసుపు, నీలం ఇంకా మిగిలే ఉన్నాయి. అయినా ఒక రంగు లేకపోతే డబ్బా మొత్తం చెత్తబుట్టలోకే. కొత్త జత తెద్దామంటే ప్రింటర్ ధరలో సగం దాకా అడిగారు. ఒక ఫోటో ఎంత పడుతుందని లెక్క కడితే పేపర్‌తో కలిపి ముప్పై రూపాయలు దాటింది. మా బజారులో స్టూడియో అతను అదే సైజు పదిహేనుకు ఇస్తాడు, పైగా రంగులు కూడా సరిచేసి.

పెట్టె మీద పేజీల లెక్క ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది, కానీ అది ఫోటోల లెక్క కాదు. ఐఎస్ఓ 24711 అనే ప్రమాణం ప్రకారం ఆఫీసు కాగితాల్లాంటి నమూనా పేజీలు తీసి ఆ అంకె తేలుస్తారు. అక్షరాలు, నాలుగు బొమ్మలు, మిగతాదంతా తెల్ల కాగితం. ఫోటో అలా కాదు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రంగే. సీసాతో ఇంకు పోసుకునే కొన్ని ట్యాంక్ ప్రింటర్లలో నలుపు 4,500 పేజీలు, రంగులు 7,500 పేజీలు అని చెబుతారు. అది చూసి అన్ని ఫోటోలు వస్తాయనుకుంటే గోవిందా. విచిత్రం ఏమిటంటే ఫోటోల లెక్క తేల్చడానికి ఐఎస్ఓ 29102 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది. కొలిచే పద్ధతి ఉండి కూడా, మా ఊరి షాపుల్లో నేను చూసిన ఏ పెట్టె మీదా ఆ అంకె లేదు.

తక్కువ ధరకు యంత్రం, ఎక్కువ ధరకు ఇంకు అన్న ఈ వ్యాపారాన్ని కొంతైనా మార్చింది కొనేవాళ్లే. ఇండోనేషియాలో కాట్రిడ్జ్‌ల ఖర్చు భరించలేక జనం ప్రింటర్ పక్కన ఇంకు డబ్బాలు పెట్టి, సన్నటి ట్యూబులతో లోపలికి పంపేవారు. మన దగ్గర కూడా స్టూడియోల వాళ్లు, నెట్ సెంటర్ల వాళ్లు ఈ పని బాగా చేశారు. చివరికి ఎప్సన్ తనే ట్యాంకు కట్టిన ప్రింటర్‌ను 2010లో మొదట ఇండోనేషియాలోనే అమ్మకానికి పెట్టింది. తర్వాత కెనాన్, హెచ్‌పీ కూడా అదే దారి పట్టాయి. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది అలాంటి ట్యాంక్ రకమే, నాలుగు రంగులకు నాలుగు గదులు. ఏ రంగు అయిపోతే ఆ సీసా ఒక్కటే తెచ్చి పోస్తాం. ఫోటో ఖర్చు గ్లాసీ పేపర్‌తో కలిపి పది రూపాయల లోపే. అయితే ప్రింటర్‌కు మొదటే పన్నెండు వేల పైన పెట్టాల్సి వచ్చింది. లేత నీలం, లేత మెజెంటా కూడా ఉండే ఆరు రంగుల రకం కావాలంటే ఇంకా ఎక్కువ. ముఖాల మీద ఛాయలు మెత్తగా రావడం అందులో నిజంగానే బాగుంటుంది. కానీ ఇంటి వాడకానికి అంత అక్కర్లేదని నా అభిప్రాయం.

ఖర్చు అక్కడితో ఆగదు. లోపల జరిగేది తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. ఇంక్‌జెట్ హెడ్‌లో వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాలు వందల్లో ఉంటాయి. ఒక్కో చుక్క కొన్ని పికోలీటర్లు. పికోలీటర్ అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. ఆ చుక్కను నెట్టడానికి కొన్ని కంపెనీలు ఇంకును క్షణంలో వేడిచేసి బుడగ పుట్టిస్తాయి, ఎప్సన్ లాంటివి కరెంటు తగిలితే వంగే స్ఫటికాన్ని వాడతాయి. వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ ఇంకు సిరంజి సూదికి తగలడంతో 1977లో ఈ బుడగ ఆలోచన పుట్టిందని కెనాన్ చెప్పుకుంటుంది. పదో తరగతి పిల్లలకు ఈ కథ చెబితే ఆ రోజు క్లాసులో ఇంక ఎవరూ నిద్రపోరు.

అంత సన్నటి రంధ్రంలో ఇంకు ఎండితే ఏమవుతుంది? మాకు మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలు. వేసవి సెలవుల్లో ఇంటికి తాళం వేసి ఊరికి వెళ్లి వచ్చాక ప్రింట్ ఇస్తే, పెళ్లి ఫోటోలో పెళ్లికూతురి ముఖం ఆకుపచ్చగా వచ్చింది. మెజెంటా రంధ్రాలు మూసుకుపోతే మిగిలిన పసుపూ నీలమూ కలిసి చేసే పని అది. రంధ్రాలను పరీక్షించే నాజిల్ చెక్ పేజీ తీస్తే మెజెంటా గళ్లలో సగం గీతలు లేవు. హెడ్ క్లీనింగ్ నొక్కితే యంత్రం ఇంకును బలంగా పీల్చి రంధ్రాలు కడుగుతుంది. అలా కడిగిన ఇంకు ఎక్కడికి పోతుంది? అడుగున ఒక స్పాంజి ప్యాడ్ ఉంటుంది, అందులోకి. అంచులు లేని ఫోటో తీసినప్పుడు కాగితం దాటి పడే ఇంకు కూడా అలాంటి ప్యాడ్ మీదకే. ఎంత పోయిందో ప్రింటర్ లోపలే లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. నిండిందని లెక్క తేలిన రోజు లైట్లు మిణుకుమిణుకుమంటాయి, ఇక యంత్రం ఒక్క అక్షరం కూడా ముద్రించదు. ట్యాంకుల నిండా ఇంకు ఉన్నా సరే!

మా ప్రింటర్‌కు ఆ రోజు రానే వచ్చింది. సర్వీస్ కుర్రాడు ప్యాడ్ మార్చి కౌంటర్ సున్నా చేయడానికి ఒక రేటు చెప్పి, ‘దీని బదులు కొత్తది తీసుకోవచ్చు కదా మేడమ్’ అన్నాడు. గుప్పెడు స్పాంజి కోసం పన్నెండు వేల యంత్రాన్ని పారేయాలట. కొన్ని మోడళ్లలో ఈ ప్యాడ్ ఒక చిన్న పెట్టెలా ఉంటుంది, స్క్రూ తీసి మనమే మార్చుకోవచ్చు. అలా చేయడం సాధ్యమేనని కంపెనీలే చూపించాక, అన్ని మోడళ్లలో ఎందుకు ఉండదన్నది నా ప్రశ్న.

ఇంత తిట్టి కూడా ప్రింటర్‌ను ఎందుకు ఉంచుకున్నారని అడగొచ్చు. మా అత్తమ్మ ఫోన్‌లో ఫోటో చూడదు. చేతికి కాగితం రావాలి, వెనకాల తేదీ రాసి ఉండాలి. బతుకమ్మ నాటి ఫోటో ఆ రాత్రికే ఆమె చేతిలో పెడితే ఆ ముఖం చూడాలి. స్టూడియోకి వెళ్దాంలే అనుకున్నవి ఏళ్ల తరబడి ఫోన్‌లోనే పడి ఉంటాయి, ఇంట్లో ప్రింటర్ ఉంటే కొన్నైనా బయటికి వస్తాయి. అయితే ఆమె చాలా గట్టి పరీక్షకురాలు. ఫోన్ ఫోటో కొలత 4:3, కాగితం 3:2. నిండుగా ముద్రిస్తే పైనో కిందో, నిలువు ఫోటో అయితే పక్కలకో కత్తిరింపు తప్పదు. ఒకసారి నిలువు ఫోటోలో చివరన నిల్చున్న మా బావగారు సగం చెవితో వచ్చారు. ‘గాయన్ని ఎందుకు కోసినవే?’ అని నన్నే అడిగింది. కంపెనీని అడగలేదు!

ఒకటి మాత్రం తేల్చి చెప్పగలను. వారానికి ఒక్కటైనా రంగు పేజీ తీయని ఇంటికి ఈ యంత్రం వద్దు. ఏడాదికోసారి పాస్‌పోర్ట్ ఫోటోలు, పండక్కి నాలుగు ఫోటోలు అంటే స్టూడియోనే చవక, ల్యాబ్ పేపర్ మీద ఎక్కువకాలం ఉంటాయి కూడా. చవక ప్రింటర్ల రంగు ఇంకు ఎక్కువగా డై రకం, నీళ్లలో ఉప్పులా కరిగి ఉంటుంది. మెరుపు బాగా వస్తుంది గాని వెలుతురుకూ గాలికీ త్వరగా వెలిసిపోతుంది. కిటికీకి ఎదురుగా గోడకు తగిలించేది అయితే అద్దం ఫ్రేములో పెట్టండి. వారం వారం పని ఉన్న ఇల్లయితే ట్యాంక్ రకమే కొనండి. 4×6 కాగితం మీద 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్ట్ ఫోటోలు ఎనిమిది పడతాయి. పరీక్ష ఫారాల కాలంలో ఒక్క కాగితంతో ఇంట్లో పిల్లలందరి పని అవుతుంది. ఇంకో మాట, ప్రింటర్‌ను దాని మీదున్న బటన్‌తోనే ఆపాలి. గోడ స్విచ్ కట్టేస్తే హెడ్ తన మూత కిందికి చేరకుండానే ఆగిపోయి ఎండుతుంది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ పెట్టింది. ఈ-వ్యర్థాల నిబంధనల్లో కాట్రిడ్జ్‌లతో సహా ప్రింటర్లు ఉన్నాయి. అంటే చెత్తగా మారాక వీటిని లెక్కలోకి తీసుకుంటున్నాం, కొనేటప్పుడు మాత్రం కొనేవాడికి లెక్క చెప్పడం లేదు. ఫ్రిజ్‌కు స్టార్ లేబుల్ పెట్టగలిగిన ప్రభుత్వం ప్రింటర్ పెట్టె మీద రెండు సంగతులు రాయించాలి: 4×6 ఫోటోకు అయ్యే ఇంకు ఖర్చు ఎంత, ప్యాడ్‌ను కొన్నవాళ్లే మార్చుకోగలరా లేదా. అప్పటిదాకా మీరు షాపుకు వెళితే ప్రింటర్ రేటు తర్వాత అడగండి. ఈ రెండూ ముందు అడగండి, జవాబు చెప్పలేని దగ్గర కొనకండి.