ఇంటి పని పాఠానికి సున్నా క్రెడిట్లా?

ఇంటి పని మీద యూనివర్సిటీలో పాఠం ఉందంటే మా గోపాల్‌పేటలో చాలామంది నవ్వుతారు. "గిన్నెలు తోముడు నేర్చుకునేటందుకు ఇంజనీరింగ్ దాకా పోవాల్నా?" అని మా చిన్నత్త అననే అన్నది. కానీ ఆ పాఠం నిజంగానే ఉందండీ. దాని పేరు 'మై మదర్ డజంట్ వర్క్', అంటే 'మా అమ్మ పనిచేయదు' అని.

జేఎన్‌టీయూ హైదరాబాద్ 2015లో తన పరిధిలోని ఇంజనీరింగ్ కాలేజీల్లో జెండర్ కోర్సును తప్పనిసరి చేసింది. అంతకు ముందు ఏడాది మహిళల భద్రత కోసం రాష్ట్ర ప్రభుత్వం పూనం మాలకొండయ్య అధ్యక్షతన కమిటీ వేసింది. చదువులో జెండర్ పాఠాలు ఉండాలన్న మాట అప్పుడే గట్టిగా వచ్చింది. సూసీ తారు, రమా మెల్కోటే, గోగు శ్యామల లాంటి తొమ్మిది మంది కలిసి తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లో రాసిన పుస్తకాన్ని తెలుగు అకాడమీ వేసింది. ఆడపిల్లను ఎలా పెంచుతాం, మగపిల్లవాణ్ని ఎలా పెంచుతాం, ఇంటి పని ఎవరిది, వేధింపులకు వద్దని ఎలా చెప్పాలి, ఇవీ అందులోని సంగతులు.

మరి యూనివర్సిటీలో ఏం చదవాలో సర్కారు చెప్పొచ్చా? ఈ విషయంలో చెప్పాలనే అంటాను. ఇష్టమైతే తీసుకోండి అంటే ఎంతమంది మగపిల్లలు ఈ సబ్జెక్టు తీసుకుంటారు? ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే తప్పించుకుంటారు.

అయితే ఈ అధికారం రెండువైపులా పదునున్న కత్తి. 2001లో యూజీసీ యూనివర్సిటీల్లో జ్యోతిష్యం కోర్సులు పెట్టిస్తామన్నది. సీసీఎంబీని స్థాపించిన పుష్ప ఎం. భార్గవ గారు అది సైన్సు కాదని మన హైకోర్టుకు వెళ్లారు, అక్కడ కొట్టేశారు. 2004లో సుప్రీంకోర్టు కూడా చదువు నిపుణుల నిర్ణయంలో మేం జోక్యం చేసుకోమన్నది. అంటే పైవాళ్లు ఒకటి పెడితే ఆపడం అంత తేలిక కాదు. రేపు ఇంకొక సర్కారు వచ్చి మన జెండర్ పాఠం తీసేస్తే? అందుకే ఏది పెట్టినా ఎవరు రాశారో, ఎందుకు పెట్టారో అందరికీ తెలిసేలా పెట్టాలి. ఈ పుస్తకం రాసినవాళ్ల పేర్లు దాని మీదే ఉన్నాయి, నచ్చనివాళ్లు వాళ్లను అడగొచ్చు.

నా అసలు బాధ వేరే. యూనివర్సిటీ 2018 నిబంధనల్లో ఈ కోర్సుకు వారానికి రెండు గంటల క్లాసు ఉంది, పాస్ కావాల్సిందే, కానీ క్రెడిట్లు సున్నా. మార్కుల మెమోలో పాస్ అనో ఫెయిల్ అనో ఉంటుంది, అంతే. గ్రేడు లెక్కలోకి రాదు. మార్కుకు మార్కు లెక్కపెట్టుకునే పిల్లలకు సున్నా అంటే ఏం అర్థమవుతుంది? చేయక తప్పదు, కానీ లెక్కలోకి రాదు అని. అచ్చంగా ఇంటి పని లాగానే!

కేంద్రం చేసిన 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు జీతం లేని ఆ పనికి పెడుతున్నారు. దగ్గర దగ్గర అయిదు గంటలు! మా వదిన పొద్దున వంట చేసి, చేనుకు పోయి, వచ్చి మళ్లీ వంట చేసి, రాత్రి విత్తనానికి పల్లికాయ ఒలుస్తుంది. ఆమె కొడుకును ఎవరైనా అడిగితే మాత్రం "అమ్మ ఏం చేయదు, ఇంట్లనే ఉంటది" అంటాడు. వాడికి ఆ పాఠం కావాలా వద్దా, మీరే చెప్పండి.

ఇప్పుడు మా వనపర్తిలోనూ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. పాలమూరు యూనివర్సిటీ కింద డిగ్రీ చదివే మా ఊరి పిల్లలూ ఉన్నారు. వాళ్లందరికీ ఈ పాఠం ఉండాలి, మిగతా సబ్జెక్టుల్లాగే క్రెడిట్లతో ఉండాలి. తప్పనిసరి అన్న సర్కారే దానికి విలువ కూడా కట్టాలి.

మీ ఇంట్లో ఇంజనీరింగ్ పిల్లలుంటే వాళ్ల మెమో తీసి, ఆ సబ్జెక్టుకు ఎదురుగా ఏముందో ఒకసారి చూడండి. చూసి, ఆ పాఠంలో ఏం చెప్పారో వాళ్లనే అడగండి. జవాబు మీ వంటింట్లో, గిన్నెల దగ్గర నిలబడి చెప్పమనండి.