సంపాదకుని మాట: ఆ ఒక్క గడి

ఇంటర్ ఫలితాలొస్తాయి. ఫిజిక్స్ ఒక్కటే పోతుంది, మిగతావన్నీ పాసే. పిల్లవాడి కళ్లు మాత్రం మార్కుల మెమోలో ఆ ఒక్క గడినే పట్టుకుంటాయి. సప్లిమెంటరీ ఉందన్న సంగతి కూడా గుర్తుకురాదు. "నేనెందుకూ పనికిరాను" అనుకుంటాడు.

అమెరికాలో కుంగుబాటు రోగులకు వైద్యం చేసిన ఆరన్ బెక్ 1963లోనే ఈ ఆలోచనల తీరును వివరించారు: మంచిని వదిలేసి చెడునే ఏరుకోవడం, ఒక ఓటమిని జీవితమంతటికీ అంటగట్టడం, ఆధారం లేకుండా తీర్పు చెప్పేసుకోవడం. ఇలాంటి ఆలోచనలు పచ్చి నిజాల్లా తోస్తాయి; చిక్కంతా అక్కడే. అందుకే ఆయన పద్ధతిలో అలాంటి ఆలోచనను కాగితం మీద రాయించి, "దీనికి రుజువేది?" అని అడుగుతారు. ఊరికే "ధైర్యంగా ఉండు" అనడం కన్నా ఇదెంతో మేలని నా గట్టి నమ్మకం. ఈ సంచికను పిల్లలతో పాటు పెద్దలూ చదవండి. మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ సహాయవాణి 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.