బడికి పేరు ఎలా వస్తుంది?

మా ఆడపడుచు కొడుకు పదో తరగతి పూర్తి చేశాడు. ఇక ఇంట్లో రోజూ ఒకటే చర్చ, ఇంటర్ ఎక్కడ చేర్చాలని. బెంజి సర్కిల్ దగ్గర ర్యాంకుల ఫ్లెక్సీలు చూసొచ్చి, "పేరున్న కాలేజీ వదినా, హాస్టల్ కూడా ఉంది" అంది తను. అసలు బడికి పేరు ఎలా వస్తుందా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను.

మన కృష్ణా జిల్లాలో ఇంగ్లీషు చదువుకి పాత పేరు బందరు నోబుల్ కాలేజీది. మా తాతగారు అక్కడ చదివానని చివరిదాకా గర్వంగా చెప్పుకునేవారు. రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు మిషనరీ 1843లో కొద్దిమంది పిల్లలతో ఆ బడి మొదలుపెట్టాడు. పెద్ద కులాల వాళ్ళ పిల్లలే ఎక్కువగా చేరారు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకునేసరికి ఊరు అట్టుడికిపోయింది. పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది. అయినా నోబుల్ ఊరు వదల్లేదు. మెల్లగా పిల్లలు మళ్ళీ వచ్చారు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన బందరులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ మరుసటి ఏడే ఆయనా అక్కడే పోయాడు. తర్వాత బడి కాలేజీ అయింది. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు అక్కడ పాఠాలు చెప్పారు.

అదే బందరులో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. ఇంగ్లీషు చదువుతో పిల్లలు మనకి కాకుండా పోతున్నారనే బాధతోనే దాన్ని పెట్టారు. అక్కడ పుస్తకాలతోపాటు చేతిపనులూ నేర్పేవారు.

మతం మాట పక్కన పెట్టండి, ఎవరిది తప్పో తేల్చడానికి రాయడం లేదు. 1852లో పిల్లల్ని వెనక్కి తెచ్చుకున్న తల్లుల గురించే నా ఆలోచన. వాళ్ళకి అక్షరం ముక్క రాకపోవచ్చు. కానీ బడికి పంపిన పిల్లాడు తిరిగి ఎలా వస్తాడో చూసుకున్నారు.

మరి మనం? మా పెద్దమ్మాయిని నేనూ ఓ పేరున్న హాస్టల్లో వేశాను. పదిహేను రోజులకోసారి ఫోను. "బాగానే ఉన్నానమ్మా" అంటే నమ్మేశాను. రెండేళ్ళయ్యాక ఇంటికొచ్చింది. ర్యాంకూ వచ్చింది. కానీ పక్కింట్లో కుక్కరు కూత పెట్టినా నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, "గంట కొట్టారా?" అని అడిగేది. ఆ మాట విన్న రోజు వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. మా వారికి ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే మొన్న మా ఆడపడుచుతో అన్నాను, "ర్యాంకులు తర్వాత అడుగు. ముందు పిల్లలు ఎన్నింటికి పడుకుంటారో, ఒంట్లో బాగోకపోతే పక్కన ఎవరుంటారో, వాడు ఏడిస్తే నీకు ఎప్పటికి తెలుస్తుందో అడుగు" అని. తను కాసేపు మాట్లాడలేదు. మర్నాడు కొడుకుని తీసుకుని ఇంటి దగ్గరున్న కాలేజీ చూడ్డానికి వెళ్ళింది. ఏం నిర్ణయించుకుంటుందో తెలీదు. ఈసారి వాణ్ణి కూడా అడుగుతుందనే నా ఆశ.

మీ పిల్లల్ని చేర్చేముందు మీరేం అడిగారు? నాలాగా తర్వాత బాధపడ్డవాళ్ళుంటే, మొహమాటపడకుండా చెప్పండి.