దర్శనం అయ్యాక

తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం దగ్గర నిలబడి చూస్తే, కొండెక్కేవాళ్ళ హుషారు చూడముచ్చటగా ఉంటుంది. కొందరు మెట్టుమెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతూ వంగి లేస్తుంటారు. కొందరు చంటిపిల్లల్ని భుజాన వేసుకుని నడుస్తారు. ముందు దాదాపు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. గాలిగోపురం దాకా ఒగర్పు, ఆ తర్వాత కాస్త తెరిపి, చివర్లో మోకాళ్ళ మెట్టు దగ్గర మళ్ళీ పరీక్ష. అయినా వెనక్కి తిరిగేవాళ్ళు అరుదు. ఎక్కడో ఒక గొంతు గోవిందా అంటుంది, నలుగురు అందుకుంటారు, కాళ్ళు వాటంతటవే కదులుతాయి.

అదే మనుషుల్ని దర్శనం అయ్యాక చూడండి. లడ్డూల సంచి పక్కన పెట్టుకుని అరుగుల మీద కూర్చుని ఉంటారు. మొక్కు తీరింది. కళ్ళ నిండా స్వామిని చూసుకున్నారు. కానీ మాటలు తగ్గిపోతాయి. ఆ రెప్పపాటు కోసం ఎన్ని నెలలు ఎదురుచూశారో! ఇక బస్సెక్కాలి, ఊరెళ్ళాలి, రేపు పనిలోకి దిగాలి. నడిచి దిగేవాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. ఎక్కేటప్పుడు పట్టేసేది ఊపిరి, దిగేటప్పుడు పట్టేసేవి మోకాళ్ళు.

ఎక్కడానికి అందరం సిద్ధపడతాం. దిగడానికీ సిద్ధపడాలని ఎవరూ చెప్పరు.

తిరుపతి చదువుల ఊరు కూడా. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. తర్వాత మెడికల్ కాలేజీ, మహిళా యూనివర్సిటీ, 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. పీలేరు, పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల నుంచి పెట్టె, చాప పట్టుకుని హాస్టళ్ళకు వచ్చే పిల్లల్ని ఈ ఊరు ఎన్నో ఏళ్ళుగా చూస్తోంది. వాళ్ళలో ఒకడికి మంచి ర్యాంకు వస్తుంది. ఇంట్లో పండగ. బంధువులు ఫోన్లు చేస్తారు, వీధిలో మిఠాయిలు పంచుతారు. వారం గడిచేసరికి ఆ పిల్లవాడు వసారాలో ఒంటరిగా కూర్చుని కనిపిస్తాడు.

"ఏం నాయనా, అట్ల కూచోనుండావు? సీటొచ్చె గదా!"

"ఏం లేదుమా, ఊరికే."

ఊరికే కాదు. రెండేళ్ళ పాటు పొద్దున ఐదింటికి లేవడానికి వాడికో కారణం ఉండేది. గోడ మీద అంటించుకున్న కాగితంలో ఒక అంకె ఉండేది. ఎవరు కనిపించినా అడిగే ప్రశ్న ఒకటే, ప్రిపరేషన్ ఎలా ఉందని. ఆ కారణం, ఆ అంకె, ఆ ప్రశ్న ఒక్కరోజులో పోయాయి. చేతికందిన సంతోషం పెద్దదే. అది వదిలి వెళ్ళిన చోటు కూడా అంతే పెద్దది. తల్లికి అది అర్థం కాదు. వాడికీ అర్థం కాదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టేటప్పటి తిప్పలు, చేసేటప్పటి హడావుడి అందులో ఉన్నాయి. కట్టాక, చేశాక ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు. కూతుర్ని అత్తవారింటికి పంపి, పందిరి విప్పేసి, అద్దెకు తెచ్చిన గిన్నెలు లెక్కపెట్టి పంపేసిన సాయంత్రం ఆ ఇంట్లో తండ్రి ఎక్కడ కూర్చోవాలో తెలియక తిరుగుతుంటాడు. ఇరవై ఏళ్ళుగా మోసిన బరువు దిగింది. దిగితే తేలికపడాలి కదా, ఈ వెలితి ఏమిటని ఆయనకే అనుమానం.

ఇలాంటి మాట పైకి చెప్పుకోవడానికి సిగ్గు. దేవుడు ఇంత ఇచ్చినా తృప్తి లేదా అంటారని భయం. ఓడిపోయినవాడి పక్కన కూర్చుని వీపు తట్టేవాళ్ళు ఉంటారు. గెలిచినవాడి దిగులు వినేవాళ్ళు తక్కువ.

చంద్రుడి మీద కాలు మోపిన రెండో మనిషి బజ్ ఆల్డ్రిన్ 1969లో భూమికి తిరిగొచ్చాక కుంగుబాటుతో, తాగుడుతో చాలా ఏళ్ళు అవస్థపడ్డాడు. ఆ సంగతి 1973లో పుస్తకంలో దాచుకోకుండా రాశాడు. మన అభినవ్ బింద్రా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. వ్యక్తిగత విభాగంలో దేశానికి అదే తొలి స్వర్ణం. ఆ తర్వాత తనను కమ్మేసిన శూన్యం గురించి ఆయన చాలాసార్లు మనసు విప్పి మాట్లాడాడు. వీళ్ళిద్దరూ నోరు విప్పడం ఎంత మేలు చేసిందో! అంత ఎత్తుకు వెళ్ళినవాళ్ళకే అలా అనిపించిందంటే, మనలో ఏ లోపమూ లేదని ధైర్యం వస్తుంది.

చంద్రుడి మాట వచ్చింది కాబట్టి మన తిరుపతి జిల్లా తూర్పు కొసన ఉన్న శ్రీహరికోటనూ తలుచుకోవాలి. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ ఆఖరి ఘడియల్లో చేజారింది. నాలుగేళ్ళకు, 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగింది. ఆ ప్రాజెక్టు ముఖ్యుల్లో ఒకరు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఆడబిడ్డ కల్పనా కాళహస్తి. వ్యోమనౌకను మళ్ళీ కట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి తమ బృందానికి ఉచ్ఛ్వాస నిశ్వాసలు అదేనని ఆమె ఆ సాయంత్రం చెప్పారు. టీవీ ముందు కూర్చున్న మనందరి కళ్ళూ చెమర్చాయి.

ఊపిరిగా బతికింది నెరవేరిపోతే మర్నాడు ఏం పీల్చుకుని బతకాలి? శ్రీహరికోటలో పదిరోజులకే ఇంకో రాకెట్ లేచింది. సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1 సూర్యుడి దిక్కుగా బయల్దేరింది. చంద్రుడి మీద రోవర్ ప్రజ్ఞాన్‌ను నిద్రపుచ్చింది కూడా ఆ రోజే. ఒకటి పడుకుంది, ఇంకొకటి లేచింది. అయితే ఒక్క మాట చెప్పుకోవాలి. అక్కడ ఒక బృందం సేదతీరుతుంటే మరో బృందం పని అందుకుంటుంది. ఒంటి మనిషికి ఆ వీలు లేదు. ర్యాంకు వచ్చిన వారానికే తర్వాతి కోచింగ్‌లో చేర్చడం, పతకం తెచ్చిన మర్నాడే తర్వాతి పతకం గురించి అడగడం శ్రీహరికోటను చూసి నేర్చుకోవాల్సిన పాఠాలు కావు. అలసిన కాళ్ళకు ఒకింత అరుగు కావాలి.

ముగింపును కూడా ఒక వేడుకగా జరుపుకోవడం ఈ నేలకు బాగా తెలుసు. బ్రహ్మోత్సవాల మొదటిరోజు ధ్వజారోహణం ఎంత శ్రద్ధగా జరుగుతుందో, తొమ్మిదోరోజు చక్రస్నానం అయ్యాక సాయంత్రం ధ్వజావరోహణం అంతే శ్రద్ధగా జరుగుతుంది. పిలిచిన దేవతలను సాగనంపే తంతు అది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఎన్ని వేషాలు, ఎంత సందడి! చివరిరోజు అమ్మవారి మట్టిరూపాన్ని తొలగిస్తే, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. చిన్న ముద్ద దొరికినా ఇంటికి తీసుకెళ్ళి దాచుకుంటారు. శ్రీకాళహస్తి దర్శనం తర్వాత మరో గుడికి పోకుండా నేరుగా ఇంటికే వెళ్ళాలన్న ఆచారం కూడా నాకెంతో ఇష్టం. ఎంత పెద్ద యాత్ర అయినా దాని ఆఖరి మజిలీ సొంత గడపేనన్నమాట. తిరుమల లడ్డూ ఇరుగుపొరుగుకు చిటికెడు చిటికెడు పంచిపెట్టాకే మన యాత్ర పూర్తయినట్టు.

మన ర్యాంకులకు, ఉద్యోగాలకు, గృహప్రవేశాలకు, పదవీ విరమణలకు ఇలాంటి ధ్వజావరోహణం ఏదీ లేదు. జెండా ఎగరేసి వదిలేస్తాం. ఆ తర్వాత గాలికి అది ఎటు కొట్టుకుంటుందో చూడం.

అన్నమయ్య కథ నాకు ఇక్కడే గుర్తొస్తుంది. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన పిల్లవాడు ఇల్లు విడిచి కొండెక్కాడు. మోకాళ్ళ పర్వతం దగ్గర సొమ్మసిల్లితే అలమేలుమంగమ్మ కరుణించిందని కథ. వెతుక్కుంటూ వచ్చిన స్వామి పసితనంలోనే దొరికాడు. అంతకన్నా పెద్ద గమ్యం ఆ పిల్లవాడికి ఏముంటుంది? అసలు జీవితం మాత్రం అక్కడి నుంచే మొదలైంది. రాగిరేకుల మీది శాసనం ప్రకారం పదహారో ఏట, అంటే 1424లో పాట అందుకున్నాడు. 1503లో కన్నుమూసేదాకా ఆపలేదు. రోజుకు ఒకటికి తగ్గకుండా పాడాడని, మొత్తం 32 వేలని చెబుతారు. అన్నింట్లోనూ ఆనందమే లేదు. అధ్యాత్మ సంకీర్తనల్లో తన మనసు నిలకడ లేనితనం మీద ఎంత మొర పెట్టుకున్నాడో! స్వామిని చూశాక కూడా దిగులు పడ్డాడు. ఆ దిగులు పడిన రోజు కూడా ఒక పాట పాడాడు.

రోజుకొకటి. అందులో ఉంది కిటుకంతా అనిపిస్తుంది. పెద్ద కోరిక తీరిన మర్నాడు ఇంకో పెద్ద కోరిక వెతుక్కోనక్కర్లేదు. పొద్దున లేవగానే చేతికి తగిలే చిన్న పని ఒకటి ఉంటే చాలు. మన చిత్తూరు పల్లెల్లో పాల డబ్బుతో బిడ్డల్ని చదివించిన తల్లులు ఎందరో ఉన్నారు. బిడ్డ బెంగళూరులో ఉద్యోగంలో చేరిపోతుంది. ఇంట్లో ఇక ఫీజుల లెక్క లేదు. అయినా తెల్లారకముందే ఆవు అరుస్తుంది. ఆ తల్లి చెంబు పట్టుకుని కొట్టంలోకి వెళుతుంది. ఇంకెందుకమ్మా ఈ అవస్థ, మానెయ్యరాదా అని ఆ బిడ్డ ప్రేమతోనే అంటుంది. అలా అనే ముందు ఒక్క క్షణం ఆలోచించుకుంటే బాగుండును. బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు కూడా తిరుమలలో సుప్రభాతం ఉంటుంది కదా.

ఆ వెలితి కొన్నాళ్ళకు దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోక, నిద్రా తిండీ తప్పి వారాలు గడుస్తుంటే మాత్రం మొహమాటపడకుండా డాక్టరుతో మాట్లాడాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మీకు తెలిసినవాళ్ళలో ఈ మధ్య ర్యాంకు తెచ్చుకున్నవాళ్ళు, కూతురి పెళ్ళి చేసినవాళ్ళు, ఇల్లు కట్టుకున్నవాళ్ళు, రిటైరైనవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. శుభాకాంక్షలు ఆ రోజే చెప్పి ఉంటారు. ఈ ఆదివారం తీరిక చేసుకుని వాళ్ళింటికి ఇంకోసారి వెళ్ళి రండి. తర్వాత ఏమిటని అడగకండి. ఎలా ఉన్నారని అడగండి.